ఒడిలో పంపరపనస

విశాఖపట్నం,
5 అక్టోబరు 1981

అత్తకు నీ నాగమణి వందనాలు పెట్టి రాసేది.

ముందు కూర్చో. నిలబడి ఉత్తరాలు చదివే అలవాటు నీది, పోస్టుమేన్ వెనక్కి తిరక్కముందే గుమ్మంలో చింపేస్తావు. ఇది కుర్చీలో కూర్చుని చదవాల్సిన ఉత్తరం.

మొన్న సెలవుకి వచ్చినప్పుడు కృపానందం గారి గురించి నీతో అన్నాను కదా, మా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆయన. నువ్వు "సరే, చూద్దాం" అనేసి పోపు మాడిపోతోందని వంటింట్లోకి పోయావు. ఆ చూడ్డం ఇప్పుడు వచ్చింది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళ అమ్మా నాన్నా ముక్తేశ్వరం నుంచి మన ఇంటికి వస్తున్నారు. నాన్నగారు లాజరు గారు, కాలవ మీద లస్కరు, లాకు తలుపులు ఎత్తి దించే ఉద్యోగం. అమ్మగారు సుందరమ్మ గారు. ఆవిడ కాస్త ఎక్కువ మాట్లాడతారట. నువ్వు తక్కువ మాట్లాడతావు కాబట్టి సరిపోతుంది.

నీకు దణ్ణం పెడతాను, హెడ్మిస్ట్రెస్ మొహం పెట్టకు. ఆ కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి పైనుంచి చూస్తావు చూడు, ఆ చూపుకి నేనే ఇప్పటికీ చేతులు కట్టుకుంటాను, కొత్తవాళ్ళ సంగతి చెప్పాలా? నవ్వు. బూరెలు చెయ్యి. మన ఊరి బస్సుల గురించి మాట్లాడు.

ఇక్కడ అంతా మామూలే. సముద్రపు గాలికి యూనిఫారంలో గంజి నిలవడం లేదు. మా మేట్రన్ గారికి అది కూడా నా తప్పే. హాస్టల్ సాంబారు సంగతి రాయను, నీకు కడుపు తరుక్కుపోతుంది.

అత్తా, హాస్యానికి కాదు. అమ్మా నాన్నా పోయాక నన్ను తెచ్చుకుని, నువ్వు పెళ్ళి కూడా చేసుకోకుండా పెంచావు. నువ్వు వద్దంటే ఈ పెళ్ళి లేదు. ఆయనతోనూ అదే చెప్పాను. అందుకే ఆదివారం అంటే నాకు ఇప్పట్నుంచే గుండె దడగా ఉంది.

నీ
నాగమణి


అమలాపురం,
12 అక్టోబరు 1981

చిరంజీవి నాగమణికి,

కూర్చునే చదివాను. రాసేది మాత్రం నిలబడి, స్కూలుకి వేళయింది.

వాళ్ళు వచ్చారు. నువ్వు చెప్పినట్టే నవ్వాను, బూరెలు చేశాను. బెల్లం ఈసారి బాగా కుదిరింది. లాజరు గారు మంచాయన. కుర్చీ అంచు మీదే కూర్చుని, ఏమడిగినా "ఆయ్" అన్నారు. కాలవలో నీళ్ళ మాట ఎత్తితే మాత్రం కాస్త నోరు విప్పారు. ఆవిడ నువ్వన్నట్టే మాటకారి. వచ్చిన కాసేపటికే నా పెరడు, వంటిల్లు, మీ నాన్న ఫోటో అన్నీ చూసేసింది. ఫోటో చూసి కళ్ళొత్తుకుంది. అక్కడిదాకా నాకు బాగానే ఉంది.

తర్వాత ఆవిడ సంచీలోంచి ఒక పంపరపనస తీసింది. కుండంత కాయ. కానీ వాడిపోయి, తొక్క ముడతలు పడి, పచ్చదనమంతా పోయి ఉంది. అది పట్టుకుని లేచి నా మీదికి వచ్చి, "ఒడి పట్టండి వదినగారూ" అంది. కొంగు చాచమని. నేను చాచలేదు. "బల్ల మీద పెట్టండి" అన్నాను. పెట్టింది. ఆ తర్వాత మాటలు అంత సాగలేదు.

వెళ్ళేటప్పుడు ఆ కాయ నేనే తీసి ఆవిడ సంచీలో పడేశాను. "మా ఇంట్లో ఇది తినేవాళ్ళు లేరండి" అన్నాను. అబద్ధం కాదు. ఆవిడ మొహం అదోలా అయింది. లాజరు గారు తల వంచుకుని చెప్పులు వేసుకుంటూ ఉండిపోయారు.

పిల్లాడిలో తప్పు పట్టడానికి నేనెవర్ని? కానీ ఈ సంబంధం నాకు ఇష్టం లేదు. మనల్ని ఆవిడ ఏ కంటితో చూస్తోందో ఆ కాయ చూడగానే నాకు తెలిసిపోయింది. అమలాపురం బజారులో యాపిల్ పళ్ళు కూడా దొరుకుతున్నాయి. బస్టాండులో దిగి నాలుగు బత్తాయిలు కొనుక్కొచ్చినా నేను కళ్ళకద్దుకునేదాన్ని. వాడిపోయింది తెచ్చి కొంగు చాచమంటే చాచడానికి నేను ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదు. నా ఇంట్లో నేనున్నాను.

నీకు ఇంకా మంచి సంబంధం వస్తుంది. బెంగపెట్టుకోకు. వేళకి తిను.

ఇట్లు మీ అత్త,
దానమ్మ

తా.క.: బూరెలు కొన్ని డబ్బాలో పెట్టి ఉంచాను. మన వీధి జోజి విశాఖ వస్తున్నాడట, అతని చేత పంపుతాను.


విశాఖపట్నం,
17 అక్టోబరు 1981

అత్తా,

వందనాలు చివర్న పెడతాను. ముందు కోపం పెడుతున్నాను.

నువ్వు సంచీలో పడేసిన కాయ కథ నాకు ముందే తెలుసు. నీకు ముందే చెప్పనందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను. వాళ్ళ పెరట్లో ఉన్నది ఒక్క పంపరపనస చెట్టు. సంతకి వేసేవాళ్ళు కాయ నిగనిగలాడుతుండగానే కోసి వేసేస్తారు. సుందరమ్మ గారు అలా కాదు. చెట్టు కింద నిలబడి ఒక్కో కాయనీ కోయకుండానే రెండు చేతుల్లోకి తీసుకుని తూచి చూస్తారట. పెద్దదైతే చాలదు, పట్టుకుంటే చేతులు కిందికి దిగాలి. పెద్దదై తేలిగ్గా ఉందంటే లోపలంతా దూదే. ముచ్చిక దగ్గర గోటితో గీరి వాసన చూస్తారు. అలా ఏరిన కాయని అటక మీద గడ్డిలో పెట్టి, ఒకవైపే ఒత్తుకుపోకుండా తిప్పుతూ, ముడతలు పడేదాకా ఆగుతారు. ముడత పడితేనే చేదు చచ్చి తీపి దిగుతుందట. ఈ ఏడాది చెట్టు మొత్తానికి ఏరిన కాయని కన్నకొడుకుని కూడా ముట్టుకోనివ్వలేదు. "ఇది నాగమణి వాళ్ళ అత్తగారికి రా" అన్నారట.

అది నువ్వు తిప్పి పంపావు. ఆవిడ బస్సులో దారిపొడుగునా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారట.

పోయిన ఏడాది ఆయన ఇలాంటిదే ఒక కాయ ఆసుపత్రికి తెచ్చారు. డ్యూటీ దిగాక నర్సులందరం చుట్టూ చేరాం. పైన టోపీలా ఒక ముక్క కోసి, తల నుంచి కిందిదాకా చాకుతో గాట్లు పెట్టి, బొటనవేలు దూర్చి ఒలిచారు. తొక్క కింద పరుపంత తెల్లటి దూది, అదంతా పీకితే లోపల గులాబీ రంగు తొనలు. తొన మీద పొర చేదుగా ఉంటుందని వీపు దగ్గర చీల్చి, ముత్యాలు చితక్కుండా విడదీసి ఒక్కొక్కరి అరచేతిలో పెట్టారు. సగం ఉత్తిదే తిన్నాం, సగం ఉప్పూ కారం అద్దుకుని తిన్నాం. నోట్లో ఒక్కో ముత్యం టప్పున పగులుతుంటే నాకు నవ్వాగలేదు. "కోనసీమ పిల్లవి, ఇదివరకు ఎప్పుడూ తినలేదా?" అని అందరూ వింతగా చూశారు. తినలేదు. జలుబు చేస్తుందని నువ్వు గుమ్మం దాటి రానివ్వలేదు. ఊళ్ళో పిల్లలెవరికీ చెయ్యని జలుబు నాకే చేస్తుందా అని నేనూ ఎప్పుడూ అడగలేదు.

నాకు అర్థమైంది. నీ కంటికి లస్కరు ఇల్లు ఆనలేదు. ఆ మాట అనడానికి నోరు రాక పాపం కాయ మీద పెట్టావు. కృపానందం గారు "అమ్మ ఇంకెక్కడికీ రానంటోంది" అని మాత్రం అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "మా అత్తకి గర్వం ఎక్కువండీ, ఏమీ అనుకోకండి" అన్నాను. ఇంకేం అనను?

వందనాలు.
నాగమణి


(పోస్టుకార్డు)

అమలాపురం,
22 అక్టోబరు 1981

చి. నాగమణికి,

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ వానలు. స్కూలు కప్పు రెండు చోట్ల కారుతోంది. ఇనస్పెక్షన్ వచ్చే వారం.

గర్వమనే అనుకో. కారణం ఉంది. అది కార్డు మీద రాయదగింది కాదు, పోస్టాఫీసంతా చదువుతారు. అసలు ఎక్కడైనా రాయదగిందో కాదో నాకు తెలియడం లేదు. ఆ ఇంటి మాట ఇంక ఎత్తకు.

జోజి బూరెలు ఇచ్చాడా?

దానమ్మ


విశాఖపట్నం,
29 అక్టోబరు 1981

అత్తకు వందనాలు.

బూరెలు అందాయి. తినబుద్ధి కాక రూములో వాళ్ళకి పంచేశాను.

నీ కార్డు చూసినప్పటినుంచీ నా ప్రాణం ప్రాణంలో లేదు. "కారణం ఉంది, రాయదగింది కాదు" అన్నావు. అంటే ఏమిటి? వాళ్ళ ఇంటి గురించి నువ్వేమైనా విన్నావా? అమలాపురంలో నీకు తెలియని టీచరు లేదు, ముక్తేశ్వరంలో కూడా ఎవరో చెప్పే ఉంటారు. జబ్బా? తాగుడా? ఆయనకి ఇంతకుముందు ఎక్కడైనా మాట అయిందా? ఏదైనా సరే చెప్పు, తట్టుకుంటాను. చెప్పకపోతేనే తట్టుకోలేను.

ఉండబట్టలేక ఆయన్నే అడిగేశాను. "మీ ఇంట్లో మాకు చెప్పకుండా దాచింది ఏమైనా ఉందా?" అని. అప్పుడే కడిగిన ఎక్స్‌రే ఫిలిం చేత్తో పట్టుకుని ఉన్నారు, నీళ్ళు ఆయన బూట్ల మీద కారుతున్నాయి. ఆయన దాన్ని తీగకి తగిలించారు. అప్పుడు, "మా ఇంట్లో దాచుకునేంత గొప్ప సంగతులేం లేవండీ నాగమణి గారూ" అన్నారు. ఇన్నాళ్ళూ నన్ను మణీ అనేవారు. ఆ రోజు నుంచి నేను ఎదురైతే ఆయన పక్క వరండాలోంచి వెళ్తున్నారు.

ఆయన తల్లి తెచ్చిన పండు నువ్వు తిప్పి పంపావు. ఆయన తల్లి మీద నేను అనుమానం పెట్టాను. మనిద్దరం కలిసి ఆ ఇంటిని ఏం చేశామో చూడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనుంది. నువ్వు విన్నదేమిటో ఈసారి కవరులో రాయి. అంటించి పంపు.

నాగమణి


అమలాపురం,
5 నవంబరు 1981

చిరంజీవి నాగమణికి,

ఇదిగో, కవరే. అన్నం మెతుకులు పెట్టి గట్టిగా అంటిస్తున్నాను.

వాళ్ళ గురించి నేనేమీ వినలేదు. వినడానికి ఏమీ లేదు. వాళ్ళు చాలా మంచివాళ్ళు. ఇది చదివిన వెంటనే వెళ్ళి ఆ అబ్బాయితో ఆ మాట చెప్పు. నా కార్డు ఎంత పని చేసిందే తల్లీ. ఓ ముక్క దాచుకుందామనుకుంటే అది వెళ్ళి ఎవరి నెత్తిన పడిందో చూడు.

మీ మామ్మ వీరాయమ్మ కూలికి వెళ్ళి మమ్మల్ని పెంచిందని నీకు తెలుసు. దాన్ని నేను దాచలేదు, బడిలో పిల్లలకి కూడా చెప్తాను. కానీ కూలి అని ఒక్క ముక్కలో అనేస్తే అందులో ఏమీ కనపడదు. మా ఊళ్ళో కామందు గారి దొడ్డి చుట్టూ మట్టిగోడ ఉండేది. లోపల పంపరపనస చెట్లు. మనవాళ్ళు ఆ గోడ లోపలికి పోకూడదు. చేలో పని అయ్యాక మా అమ్మ వెళ్ళి గోడ బయట నిలబడేది, నన్ను పక్కన పెట్టుకుని. లోపలినుంచి ఇంటావిడ రాలిన కాయలూ, అటక మీద అమ్ముడుపోకుండా మిగిలి ముడతలు పడ్డ కాయలూ తెచ్చి, "ఒడి పట్టవే" అనేది. మా అమ్మ కొంగు చాచేది. ఆవిడ పైనుంచి వదిలేది, చెయ్యి తగలకూడదు కదా. ఒక్కోసారి గురి తప్పి కాయ బురదలో పడేది. లోపల పిల్లలు నవ్వేవాళ్ళు. మా అమ్మ కూడా నవ్వుతూనే వంగి తీసుకునేది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిస్తుంది.

ముడత పడితేనే తీపి అని నువ్వు నాకు పాఠం చెప్పావు. ఆ మాట కోనసీమలో పుట్టినవాళ్ళకి తెలియనిది కాదు. నేను దాన్ని ఏనాడూ నమ్మలేదు. మనకి పడేసేటప్పుడు చెప్పడానికి పుట్టించిన మాట అనుకున్నాను. చదువుకుని జీతం చేతికి వచ్చాక ఆ కాయ నా గుమ్మం తొక్కకూడదని గట్టిగా అనుకున్నాను. నీకు జలుబు అని చెప్పాను. అంతకంటే ఏం చెప్పను?

ఆ ఆదివారం సుందరమ్మ ఆ కాయ పట్టుకుని లేచి ఆ మాట అనేసరికి, నాకు సుందరమ్మ కనపడలేదు. గోడ కనపడింది. నేను కట్టించుకున్న ఇల్లు, నేను కొనుక్కున్న కుర్చీ, అయినా మళ్ళీ ఆ గోడ బయటే నిలబెట్టినట్టయింది. మనలో మనిషే నన్ను అలా నిలబెట్టిందే అని ఒళ్ళు తెలియలేదు.

"ఆవిడ మొహం అదోలా అయింది" అని నీకు ఎంత తేలిగ్గా రాశాను! ఇప్పుడు బోర్డు మీద లెక్క వేస్తున్నా ఆ మొహమే. ఒకావిడ చెట్టంతా వెతికి తెచ్చినదాన్ని, ఆవిడ చేతికి కూడా ఇవ్వకుండా పైనుంచి సంచీలో పడేశాను. గోడ లోపల ఉన్నావిడ చేసిందీ అదే. ఎవర్ని చూసి ఒళ్ళు మండిందో ఆవిడ పనే నేను చేశాను. నా మొహం అద్దంలో చూసుకోవడానికి సిగ్గేస్తోంది నాగమణీ.

ఈ ఆదివారం ముక్తేశ్వరం వెళ్తున్నాను. ఏమంటారో తెలియదు. గుమ్మంలోంచే పొమ్మన్నా అనిపించుకుని వస్తాను.

అత్త


విశాఖపట్నం,
7 నవంబరు 1981

అత్తా,

వెళ్ళకు. ఇది నీకు ఆదివారం లోపల అందదని తెలుసు. అయినా రాస్తున్నాను.

నీ ఉత్తరం మందుల గదిలో తలుపేసుకుని చదివాను. నిన్ను గర్విష్ఠి అన్నాను. ఒక్క ఆయన దగ్గరే అనలేదు, కేంటీనులో నలుగురి ముందూ అన్నాను, అనగానే వాళ్ళు నవ్వితే నేనూ నవ్వాను. లస్కరు ఇల్లు ఆనలేదని నీ మీద మాట వేశాను. చిన్నప్పుడు నీ చెయ్యి పట్టుకుని బడికి వెళ్తే అందరూ లేచి నమస్కారం పెట్టేవాళ్ళు. నువ్వు పుట్టడమే అలా పుట్టావనుకున్నాను. నాకు సిగ్గు లేదు అత్తా, ఉంటే ఒక్కసారైనా అడిగేదాన్ని.

కృపానందం గారికి చెప్పాను, మీ ఇంట్లో ఏమీ లేదు, తప్పు మా వైపుది, కారణం చెప్పాల్సింది నేను కాదు అని. ఆయన తల ఊపారు. అంతే. ఇంకా గారూ అనే అంటున్నారు.

నువ్వు ఎక్కడా తల వంచకు. నువ్వు తల వంచి తెచ్చే పెళ్ళి నాకొద్దు. ఆయనకి నేనే చెప్పేస్తాను.

నీ
మణి


అమలాపురం,
12 నవంబరు 1981

మా మణికి,

నీ ఉత్తరం ఇవాళే వచ్చింది. అప్పటికే వెళ్ళడం, రావడం అయిపోయాయి. ఆయనకి ఏమీ చెప్పెయ్యకు. చెప్పేసి ఉంటే పరిగెత్తుకెళ్ళి వెనక్కి తీసుకో.

ఆరాధనలో పాట కూడా సరిగ్గా పాడలేకపోయాను. అయ్యగారి ప్రార్థన ఇంకా అవుతుండగానే లేచి బస్టాండుకి వచ్చేశాను. అయినవిల్లి దాటాక దిగిపోయి వెనక్కి వచ్చేద్దామనిపించింది. కండక్టరు నా శిష్యుడు. "మేడం గారూ, ఎక్కడికండీ?" అని గొంతెత్తి అడిగాడు. బస్సంతా వింటుండగా ముక్తేశ్వరమని చెప్పేశాక ఇంకెక్కడ దిగను?

కాలవ గట్టు మీద వాళ్ళ ఇల్లు. గేటు దగ్గరే చెట్టు. నేను వెళ్ళేసరికి చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురు వాకిట్లో కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే లేచారు. "ఈవిడేనాండీ హెడ్మాస్టరు గారు? మా సుందరమ్మ పంపరపనస మీరేనాండీ తిన్నది? ఎలా ఉందండీ?" అని ఒకావిడ అడిగింది. నేను నోరు తెరిచేలోగా సుందరమ్మ లోపలినుంచి వచ్చి, "తొన వదలకుండా తిన్నారంట, ఆయ్. ఎంతో మెచ్చుకున్నారంట" అంది. నా కళ్ళల్లోకి మాత్రం చూడలేదు.

అంటే నేను తిప్పి పంపిన సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదన్నమాట. తన పరువు దాచుకుంది, దాంతోపాటు నాది కూడా దాచింది. "అవునండీ, చాలా బావుంది" అన్నాను. ఇన్నేళ్ళు పిల్లలకి అబద్ధమాడకూడదని చెప్పిన నోరు. వాళ్ళందరూ సంతోషంగా నవ్వుతుంటే నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

లోపలికి వెళ్ళాక ఆవిడ మంచినీళ్ళు ఇచ్చి దూరంగా నిలబడింది. లాజరు గారు లాకు దగ్గర ఉన్నారు. నేను కూర్చోలేదు. "వదినగారూ, మీకు పెద్ద అవమానం చేశాను" అన్నాను. మిగిలినదంతా ఏ వరసలో చెప్పానో నాకే తెలియదు. గోడ చెప్పాను, అమ్మ కొంగు చెప్పాను, బురద చెప్పాను. నీకు కవరు అంటించి రాసినదంతా పరాయి ఇంట్లో నిలబడి చెప్పేశాను. చెప్తూ ఏడ్చాను కూడా. హెడ్మిస్ట్రెస్ మొహం ఎక్కడికి పోయిందో మరి.

ఆవిడ వింటూ వింటూ మెల్లగా వచ్చి నా పక్కన కూలబడింది. "మీరూ గోడ బయటేనా వదినగారూ?" అంది.

"మేమూ అంతేనండి. మా అమ్మతో నేనూ నిలబడేదాన్నండి. మా అమ్మకి ఒంట్లో బాగోపోతే నేనే ఒడి పట్టేనండి, ఇంతున్నప్పుడు. కాయ వచ్చి బొడ్డు మీద తగిలితే దిమ్మ తిరిగిపోయేదండి" అని నవ్వింది. "వాళ్ళేమో నిగనిగలాడేవి సంతకి తోలేసి, ముడతలు పడ్డవి మాకు పడేసేవోరండి. మంచి పళ్ళన్నీ మేమే తినేసేమండి వదినగారూ. ఆళ్ళకి తెలీదు పాపం. జాగా కొన్నాక ఇల్లు లేవకముందే ఈ చెట్టేసేను."

నేను మొహం తుడుచుకుని, "మరి నన్ను కొంగు చాచమన్నారేమిటండీ?" అని అడిగాను. "మా అమ్మకి అందరూ పైనుంచి వేసినోళ్ళేనండి. దగ్గరకొచ్చి, రెండు చేతుల్తోటీ, ఒళ్ళో పెట్టినోళ్ళు ఒక్కళ్ళూ లేరండి. అలా ఒక్కరైనా పెడితే బావుణ్ణని నాకుండేదండి. నేను ఎవరికైనా పెడితే అలాగే పెడతానండి" అంది.

మణీ, ఆ ఆదివారం నాకు ఏది చెయ్యాలని ఆవిడ లేచి వచ్చిందో అది నేను చూడనే లేదు.

అప్పుడు ఆవిడ లేచి అటక ఎక్కింది. నేను తిప్పి పంపిన కాయ అక్కడే ఉంది. "కోసుకుందామంటే మాకు గొంతు దిగలేదండి, ఎవరికైనా పెడదామంటే ఊళ్ళో తెలిసిపోద్దండి" అంది. ఇంకా ముడతలు పడింది. నేను కొంగు చాచాను. ఆవిడ దగ్గరకొచ్చి, వంగి, రెండు చేతుల్తో పెట్టింది. ఎంత బరువుందో! పెట్టాక కూడా చేతులు వెంటనే తియ్యలేదు.

ఒలవడం నాకు రాదు. చెబితే నవ్వింది. ఇద్దరం కత్తిపీట దగ్గర చాప మీద కూర్చున్నాం. పైన టోపీ తను కోసింది. వాడిపోయిన తొక్క లోపలికి అంటుకుపోయింది, బొటనవేలు దూరడానికి నా గోరు విరిగింది. ఆ దూది పీకుతుంటే ఎంత పీకినా తరగదు. పొర చీల్చేటప్పుడు నేను తొందరపడి రెండు తొనలు చితక్కొట్టాను, రసం మోచేతిదాకా కారింది. "నెమ్మదిగానండి, వెనకనుంచి గిల్లండి" అని నా వేళ్ళు పట్టుకుని చూపించింది. ఆ మధ్యలోనే, తల ఎత్తకుండా, "పిల్లని ఇస్తారాండీ మరి?" అంది. "మీరు తీసుకుంటే కదండీ" అన్నాను. లాజరు గారు వచ్చి మా చేతులూ మొహాలూ చూసి ఏమీ అడక్కుండా వెళ్ళి ఉప్పూ కారం గిన్నె తెచ్చిపెట్టారు. క్రిస్మస్ అయ్యాక రోజు చూడమన్నారు. ఆ అబ్బాయికి వాళ్ళు ఉత్తరం రాస్తున్నారు.

ఇంకొక్కటి రాసి ఆపేస్తాను. చిన్నప్పుడు మా అమ్మ గుడిసెలో ఆ కాయలు ఒలిచి నా నోటి దగ్గర పెట్టి, "తినవే దానీ, బెల్లంలా ఉంది" అనేది. నేను మొహం తిప్పుకునేదాన్ని. పారేసినదాన్ని తియ్యన అనుకుని సరిపెట్టుకుంటోంది, నన్ను కూడా అలాగే సరిపెట్టుకోమంటోంది అనుకునేదాన్ని. మా అమ్మ పోయేదాకా అలాగే అనుకున్నాను. మొన్న సుందరమ్మ ఇచ్చిన తొన నోట్లో పెట్టుకున్నాను. నిజంగానే తియ్యగా ఉందే మణీ. మా అమ్మ నిజమే చెప్పింది.

మీ అత్త,
దానమ్మ